ఒకే నీట రెండు వలలు



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచిన విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. ఒక చెఱువులో ఒకడు వల పఱచియుండగా, వెనుక వచ్చినవాడు తన తెప్పను ఎంత యెడముగా నిలుపవలెను? గాలము వేసికొని కూర్చున్నవాని చెంతకు మఱియొక గాలపువాడు వచ్చినప్పుడు ఎక్కడ కూర్చుండవలెను? ప్రశ్న యింతియే. దీనికొక యుపన్యాసమా యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. కాని పొలము గట్ల తగవులు తీర్చిన పెద్దలు మీలో ననేకులు గలరు. జానెడు గట్టు కొఱకు అన్నదమ్ములు కోర్టుకెక్కుట మీరు చూచియే యుందురు. పొలమునకు గట్టైన నున్నది. నీటికి అదియును లేదు. కావుననే నీటిమీద తగవు పుట్టినప్పుడు సాక్ష్యము దొరకుట కష్టము. తీర్పు చెప్పుట యంతకన్నను కష్టము.

నేను మూసాపేటవాడను. నేడు మూసాపేట యనగానే బొంబాయి రహదారియు, దాని నడుమ స్తంభములపై పోవు మెట్రో రైలును జనులకు జ్ఞప్తికి వచ్చును. ఆ రైలు 2017వ సంవత్సరము నవంబరు నెలలో నడచుట మొదలిడినది. అంతకు పూర్వమే, 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ అను భవనము తెఱచినది మొదలు, మా దిక్కున భూమి యెకరముల లెక్క మఱచి గజముల లెక్కకు దిగినది. అయినను ఆ ప్రాంతమంతయు మొదట చెఱువుల ప్రాంతము. కాముని చెఱువు, మైసమ్మ చెఱువు అను పేరులు మా యూరి పటములయందు నేటికిని గలవు. నీరు మాత్రము నా చిన్ననాటి మేరలో లేదు. ఒక చెఱువు నిండి మత్తడి దూకినచో ఆ నీరు క్రింది చెఱువునకు చేరును. ఆ నీటితో చేపయు దిగును, ఎదురీది పైకిని ఎక్కును. అట్లు గొలుసుగా నున్న నీటియందు, ఈ చేప మాది, ఆ చేప మీది యని యెవడు చెప్పగలడు? పట్టువఱకు చేప యెవరిదియు గాదు. అందుచేతనే మర్యాద యవసరమైనది.

మా దిక్కు చెఱువులలో పెద్ద పడవలు లేవు; తెప్పయే పడవ. పూర్వము ఎండుదుంగలు కట్టి తెప్ప చేసెడివారు. తరువాత లారీ చక్రముల ట్యూబులు వచ్చినవి. ఇప్పుడు తెల్లని థర్మోకోలు పలకలను సంచులలో బిగించి వాడుచున్నారు. కృష్ణానదిమీద పుట్టి యున్నది. అది గుండ్రనిది గావున తెడ్డు నేర్పు తెలియనివాడు అందులో కూర్చుండి యున్నచోటనే గిరగిర తిరుగును. ఇవి యన్నియు తేలికైనవి. తేలికైనది గాలి తోసినయెడకు పోవును. ప్రక్కవాని తెప్ప మనమీదికి వచ్చినంతమాత్రమున అది దౌర్జన్యమని తలపరాదు. ముందు గాలి యెటు వీచుచున్నదో చూడవలెను. పిదప మనిషి మనస్సును శంకింపవచ్చును.

వలలు పెక్కు విధములు. విసరువల చేతిపని, విసరినంత మేరలో దాని పని ముగియును. దానిచే తగవులు తక్కువ. తగవు తెచ్చునది నిలువువల. సాయంకాలము దానిని నీటిలో గోడవలె నిలిపి, తెల్లవాఱుజామున లేవనెత్తుదురు. పైతాటికి బెండ్లు, క్రిందితాటికి సీసపు గుండ్లు; నడుమ కన్నుల తెర. చేప ఆ కంటిలో తల దూర్చి, ముందుకు పోజాలక, వెనుకకు రాబోయి మొప్పలకడ తగులుకొనును. నూలువలల కాలమున వలను చెక్క కషాయములో నానవేసి కాపాడుకొనెడివారు. ఆ వల నీటిలో కనబడెడిది, త్వరగా చివికెడిది. నైలాను వచ్చిన పిదప వల చివుకుట తగ్గినది, కంటికి కనబడుటయు తగ్గినది. చేపకు కనబడకపోవుట మంచిదే. వెనుక వచ్చు తెప్పవానికిని కనబడకపోవుటయే చిక్కు.

తఱుచుగా చేప ప్రొద్దు క్రుంకువేళ లోతునుండి మేత కొఱకు దరికి వచ్చును. తెల్లవాఱువేళ మరల లోతునకు పోవును. ఈ రాకపోకల దారి నెఱిగినవాడే నేర్పరి. తూము దగ్గఱ, పాత వాగు పాఱిన పల్లము వెంబడి, తుంగ మొలచిన యంచున అతడు వల నిలుపును. ఇప్పుడు రెండవవాడు వచ్చి, ఆ వలకును లోతునకును నడుమ, సరిగా ఎదురుగా తన వల నిలిపినాడనుకొనుడు. అతడు మొదటివాని వలను తాకలేదు, చింపలేదు, దొంగిలలేదు. కాని రావలసిన చేప యంతయు ముందుగా అతని వలలోనే పడును. మొదటివాడు తెల్లవాఱి యెత్తినచో వట్టి నాచు వచ్చును. దీనిని మా వారు ‘ముందు గట్టుట’ యందురు. దొంగతనము కన్న దీనినే యెక్కువ నీచముగా నెంచెడివారు. ఏలయన దొంగను పట్టుకొనవచ్చును, వీనిని పట్టుకొనుటకు ఏ గుఱుతును లేదు.

రెండవ కీడు అడ్డముగా వేయుట. రెండు వలలు ఒకదానిపై నొకటి దాటినచో, గాలికి బెండ్లు కదలి, ఒకదాని సీసపు గుండ్లు రెండవదాని కన్నులలో చిక్కును. పెద్దబొచ్చె యొకటి అక్కడ పడి కొట్టుకొన్నచో మఱి చెప్పనక్కఱలేదు. రెండు వలలును ఒక త్రాడుగా పెనగును.

మూడవది చప్పుడు. చేపకు ఇరుప్రక్కల తలనుండి తోకవఱకు ఒక గీత కలదు. నీటిలోని యదురు దానిచే తెలియును. తెడ్డు తెప్పకు కొట్టుకొన్నను, తెప్పమీద డబ్బా పడినను ఆ యదురు దూరము పోవును. కొందఱు కఱ్ఱలతో నీటిని కొట్టి చేపను బెదరించి తమ వలలోనికి తోలుదురు. అదియు న్యాయమైన వేటయే. కాని చడిచప్పుడు లేక వల నిలిపి వేచియున్నవాని ప్రక్కన ఆ పని చేయుట, నిద్రించువాని తలకడ డప్పు వాయించుట వంటిది.

ఇక ఎంత యెడము? నేను విన్న వాడుకలలో నాకు సమంజసముగా తోచినది యిది: ముందు వేసిన వల యెంత పొడవో, దాని కొననుండి అంత దూరము విడువవలెను. ఇందులో యుక్తి యున్నది. వలకు రెండు కొనలును గూటములకో, రాళ్లకో కట్టియుందురు. గాలివానకు ఒక కొన ఊడినచో, రెండవ కొనను పట్టుకొని ఆ వల తలుపువలె తిరుగును. ఎంత తిరిగినను తన పొడవునకు మించి పోజాలదు గదా. ఆ మేర విడిచినవానికి ఏ గాలివానయందును చిక్కు రాదు. చిన్న కుంటలలో అంత యెడము దొరకదందురా? దొరకనిచోట రెండవ వల వేయరాదు. విసరువల పట్టుకొని గట్టున నడువవలెను.

ఇది పుస్తకములనుండి నేర్చినది కాదు. నాకు పదునేడేండ్ల వయస్సున జరిగిన యొక సంగతి నేను ఈ విషయమునుగూర్చి ఆలోచించుటకు కారణమైనది. దానిని చెప్పుటకు నాకు కొంత సిగ్గు కలదు; అయినను చెప్పెదను.

మా మేనమామ చేపల వేటలో మిక్కిలి గట్టివాడు. ఒక వానకాలమున నేనతనితో మా యూరికి కొంత దూరమున నున్న యొక చెఱువునకు పోయితిని. మేము పోవునప్పటికే చీకటి పడినది. తూము దగ్గఱ పొరుగూరి ముసలివాడొకడు వల నిలిపి, గట్టుమీద గొంగడి కప్పుకొని పండుకొని యుండెను. అతని బెండ్లు నాకు కనబడినవి. మామకును కనబడినవి. చోటు మంచిది; చెఱువులో నంతకన్న మంచి చోటు లేదు. మామ ఏమియు మాటాడక, ఆ వలకు అడ్డముగా మా వల విడిచెను. తెల్లవాఱకముందే లేచి యెత్తబోగా రెండు వలలును పెనగి యుండెను. మామ కొంతసేపు లాగెను, తిట్టెను, తుదకు మొలలోని కత్తి తీసి ముసలివాని వలను మూడుచోట్ల కోసి మా వలను విడిపించుకొనెను. అందులోని చేపలును మా బుట్టలోనికే వచ్చినవి. దీపము పట్టుకొన్నవాడను నేను.

ఆ యుదయముననే పంచాయితీ కూర్చున్నది. ముసలివాడు ఎక్కువ మాటాడలేదు. వలను తెచ్చి పెద్దమనిషి ముందర కుప్పగా పెట్టి ప్రక్కన కూర్చుండెను. మామ, “లాగంగ చినిగింది పెద్దయ్యా, కావాలని చేసింది గాదు” అనెను. పెద్దమనిషి కోపపడలేదు. తెగిన కొనలను ఒక్కొక్కటిగా తీసి అరచేతిలో పఱచుకొని చాలసేపు చూచెను. లాగగా తెగిన నైలాను దారము సాగి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టిగా నుండును, కొనలు నులిపడియుండును. కత్తికి తెగినది కోసిన గడ్డివలె సమముగా నుండును. ఆయన నావైపు తిరిగి, “తమ్మీ, నువ్వు గూడ తెప్ప మీదనే ఉంటివి గద?” అని మాత్రమడిగెను. ఉంటినని తల యూపితిని. ఆ పైన ఆయన ఏమియు నడుగలేదు. నేనును ఏమియు చెప్పలేదు. చెప్పకుంటినను సంగతి ఈనాటికిని నన్ను విడువలేదు.

తీర్పు యిట్లుండెను. ముసలివాని వల బాగగువఱకు మా వల అతనియొద్ద నుండవలెను. బాగుచేయుటకు కావలసిన దారము మేము తేవలెను. జరిమానా లేదు. మామకిది జరిమానాకన్న నెక్కువ బాధ కలిగించినది. వల లేనివాడు కూలికి పోవలసినదే గదా. తొమ్మిది దినములు ముసలివాడు రావిచెట్టు క్రింద కూర్చుండి కన్ను కన్ను అల్లుకొనెను. పదియవ దినమున మా వలను ఎండబెట్టి, మడిచి, ఒక్క బెండు తక్కువ కాకుండ తెచ్చి యిచ్చెను. ఆ తరువాత వచ్చిన వేటలో మేమిద్దఱము అదే చెఱువున కలిసితిమి. అతడే ముందు వచ్చియుండెను. నన్ను చూచి, “రా తమ్మీ, తూము కాడ నువ్వేస్కో, నేను మత్తడి దిక్కు పోత” అని తెప్ప త్రిప్పుకొని పోయెను. ఆ చోట వల వేయుటకు నాకు చేతులు రాలేదు.

ఇట్టి తగవులు మన చెఱువులకే పరిమితములని తలపకుడు. ఐరోపా ఖండమున ఉత్తర సముద్రముమీద ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ, హాలండు, బెల్జియము, డెన్మార్కు దేశముల జాలరులు ఒకరి వలలనొకరు కోసికొని యెంతో కలహించిరి. వలలను కోయుటకే ప్రత్యేకముగా చేసిన యినుప కొక్కెములు వాడెడివారట. తుదకు 1882లో హేగ్ నగరమున ఆ యాఱు రాజ్యములును కూడి యొక యొడంబడిక వ్రాసికొనినవి. అందలి కొన్ని నియమములను వినిన మీరాశ్చర్యపడుదురు. అవి మన రచ్చబండ తీర్పులవలెనే యున్నవి. వెనుక వచ్చిన పడవ, ముందు పని మొదలిడినవారికి అడ్డమగునట్లు నిలువరాదు, వల విడువరాదు. ఈడ్పువలతో తిరుగు పడవలు నిలువవలలవారిని తప్పించుకొని పోవలెను. నష్టము కలిగినచో భారము ఈడ్పువలవానిదే. రెండు వలలు పెనగినచో ఇద్దఱి సమ్మతి లేక కోయరాదు. కోతకొక్కెములు పడవలో నుంచుకొనుటయే నేరము. మా మామను నేను మరల మరల తలచుకొనుటకు ఈ మూడవ నియమము చాలును.

నేటి సముద్రయాన నియమములు 1972లో ఏర్పడి, 1977నుండి అమలులో నున్నవి. ఓడలు ఒకదానికొకటి తాకకుండుటకై లోకమంతటికిని చేసిన నియమములవి. వానికి చివర అనుబంధముగా, చేపలు పట్టు పడవలు దగ్గఱదగ్గఱగా పని చేయునప్పుడు చూపవలసిన దీపములను వేఱుగా చెప్పిరి. ఈడ్పువల పెద్ద పడవ వల దింపుచున్నదా, ఒకదానిపై నొకటిగా రెండు తెల్లదీపములు. వల యెత్తుచున్నదా, పైన తెలుపు, క్రింద ఎఱుపు. వల అడుగున దేనికైన తగిలి చిక్కుకొన్నదా, రెండు ఎఱ్ఱదీపములు. చీకటిలో కేక వేయ నక్కఱలేదు. దీపము చూచిన పొరుగువాడు ఈ పడవ యిప్పుడు కదలజాలదని తెలిసికొనును. మఱియొక నియమమున, పడవనుండి వల 150 మీటర్లకు మించి సాగియున్నచో, వల యున్న దిక్కున నొక తెల్లదీపము చూపవలెనని యున్నది. నా వల యెటు పోయినదో చెప్పుట నా విధి. దానిని తొక్కకుండుట నీ విధి. ఇద్దఱి భాగములును ఇందులో గలవు.

ఈ దీపపు సంగతి మన చెఱువులకు మిక్కిలి పనికివచ్చును. ఖాళీ నీటిసీసాలను బెండ్లుగా వాడుట నేడు ఎల్లెడల నున్నది. అందులో రెండు కొనల సీసాలకైన తెల్లగుడ్డయో, మెఱయు కాగితమో చుట్టినచో, చిన్న చేతిదీపపు వెలుగునకే అది కనబడును. మినుకు మినుకుమను చిన్న బ్యాటరీ దీపమును సీసాలో పెట్టి మూత బిగించినచో ఇంకను మంచిది. గుఱుతు పెట్టనివాడు తన వల తొక్కబడినదని మొఱపెట్టినచో, పెద్దలు అతనిని కూడ కొంచెము గట్టిగా అడుగవలెను. చీకటిలో కనబడని వలలో తెడ్డో, కాలో చిక్కుకొన్నచో తెప్ప బోర్లపడును. ఈత వచ్చినవాడును నైలాను చుట్టుకొన్న కాలితో ఈదజాలడు. వల మరల అల్లుకొనవచ్చును గాని పోయిన ప్రాణమునకు ఏ పంచాయితీయు తీర్పు చెప్పజాలదు.

యెడము తగవు ఒక్కొక్కప్పుడు యెడము తగవుగా మొదలై, మఱియొకటిగా తేలును. శ్రీశైలము జలాశయపు వెనుకనీటిలో, కొల్లాపురము, సోమశిల దిక్కున, స్థానిక జాలరులకును బయటినుండి వచ్చిన వేటగాండ్రకును అలివివలల విషయమై చాలకాలము కలహములు జరిగినవి. అలివివల మిక్కిలి పొడవైనది, దాని కన్ను మిక్కిలి చిన్నది. అది యీడ్చినచో వ్రేలెడు పిల్లయు మిగులదు. అది నిషిద్ధమైన వల. అట్టి వలను నూఱు బారల దూరమున లాగినను, పదిబారల దూరమున లాగినను కీడు సమానమే. ఏలయన రేపటి చేప యీనాడే పోవుచున్నది. అక్కడ కొలువవలసినది వలల నడుమ దూరము గాదు, వలకంటి వెడల్పు. మందుగుండు పేల్చి చంపుటయు, నీటిలో విషము కలుపుటయు 1897 నాటి మత్స్యచట్టముననే నిషేధింపబడినవి. వానిని మర్యాదల లెక్కలోనికే తీసికొనరాదు.

సముద్రతీరమున నీ తగవు మఱింత ముదిరినది. ఆంధ్రప్రదేశమున 1994లో చేసిన సముద్రపు వేట చట్టమును బట్టి ఒడ్డునుండి 8 కిలోమీటర్ల మేర నీరు తెడ్డు, తెఱచాపల సాంప్రదాయిక పడవలకు విడువబడినది. యంత్రపు పడవలు దానికి ఆవల పోవలెను. ఇది యెడమును శాసనముగా వ్రాయుటయే. అయినను నీటిపై కొలతరాయి పాతుటకు వీలులేదు. 2020 డిసెంబరులో చీరాలకు చేరువనున్న ఓడరేవు, కఠారివారిపాలెము గ్రామముల జాలరులు వలల విషయమై కొట్టుకొనిరి. 2022 జనవరిలో విశాఖపట్టణమున రింగువలల పడవలవారికిని సాంప్రదాయిక జాలరులకును తగవు ముదిరి పడవలు తగులబడినవి. రెండు పక్షములును ఒకే సముద్రమును నమ్ముకొని బ్రతుకువారే. కొందఱు బంధువులును గావచ్చును. పడవ కాలుచుండగా చూచినవాడు దానికొఱకు చేసిన యప్పు కాలదని యెఱుగును.

దీనికి మాఱుగా నాకు మిక్కిలి నచ్చిన యేర్పాటొకటి పులికాట్ సరస్సు దక్షిణపు కొనన, తమిళనాటి జాలరి పల్లెలలో నున్నది. దానిని ‘పాడు’ అందురు. రొయ్యలు దొరకు మంచి చోట్లను ముందుగనే గుఱుతించి, ఊరి జాలరులు వంతులు వేసికొందురు. చీటి వేసి యెవరికి ఏ చోటో నిశ్చయింతురు. నేడు మంచి చోటు నీది, రేపు నాది. ముందు వచ్చినవాడు, వెనుక వచ్చినవాడు అను మాటయే అక్కడ లేదు. దానియందును లోపము కలదు. వంతులలో చేరనివారికి ఆ నీట చోటు దొరకదు. అయినను చీకటిలో కత్తి తీయు నవసరమును అది తొలగించినది.

మన తెలంగాణమున గ్రామపు చెఱువుల చేపలపై హక్కు సాధారణముగా జాలరుల సహకార సంఘములకు చెందియున్నది. 2016-17నుండి ప్రభుత్వము చేపపిల్లలను ఉచితముగా చెఱువులలో విడిపించుట మొదలిడినది. సంఘము వారందఱును ఒక దినమున కూడి పెద్దవల లాగి, పట్టిన చేపను పంచుకొనుచోట యెడము తగవు పుట్టదు. పంపకపు తగవు పుట్టినచో పుట్టవచ్చును. ఎవరి వల వారిది, ఎవరి పట్టు వారిది యనుచోటనే నేను చెప్పిన చిక్కులన్నియు గలవు. అట్టి చెఱువు మీ యూరనున్నచో, వానలు పడి నీరు నిండకముందే, వేసవిలో చెఱువు ఎండి యడుగు కనబడునప్పుడే, తూము దగ్గఱ నెందఱు, పల్లము వెంబడి నెందఱు, వంతు లెట్లు అని మాటాడుకొనుట సులభము. నీరు నిండిన పిదప ఎవరికి వారికి తమ చోటే న్యాయముగా తోచును.

తగవు మీ యెదుటికి వచ్చినచో నేనైతే ఈ వరుసగా అడుగుదును. ఎవరి వల ముందు నీట దిగినది? రెండవవానికి అది కనబడుటకు గుఱుతున్నదా? ఆ రాత్రి గాలి యెటు వీచినది, కొన యేదైన ఊడినదా? పెనగిన పిదప పిలిచిరా, పిలువకయే కోసిరా? కడపటి ప్రశ్నయే ముఖ్యము. పెనగుట తప్పు గాకపోవచ్చును, పిలువకుండుట తప్పే. ఇద్దఱును వచ్చి రెండు తెప్పలను రెండు కొనలకడ నిలిపి, సీసపు త్రాటిని పట్టి లాగక, బెండ్ల త్రాటిని మెల్లగా పైకెత్తుచు వచ్చినచో చాలచిక్కులు తమంత తామే విడును. విడనిచోట ఇద్దఱి మాటమీద నాలుగు కన్నులు కోయవచ్చును. పైతాడును మాత్రము ఎన్నడును కోయరాదు. ఏ కంటిలో నున్న చేప ఆ వలవానిది. రెండు వలలకును నడుమ చుట్టుకొన్న చేపను మా దిక్కున ముందు వేసినవానికి ఇచ్చెడివారు. కొందఱు దానిని అక్కడనే గట్టున కాల్చుకొని యిద్దఱును తినెడివారు. నాకు రెండవ పద్ధతియే యిష్టము.

గాలపువారిని గూర్చి కొంచెము చెప్పవలెను. వీరి చిక్కులు చిన్నవి. కూర్చున్నవాని గాలపుకఱ్ఱయు దారమును ఎంత దూరము ప్రక్కకు తిరుగునో, అంతకు ఆవల కూర్చుండవలెను. అతని దారము మీదుగా మన దారము విసరరాదు. అతడు చల్లిన మేతకు చేరిన చేపను మనము ప్రక్కనుండి లాగికొనరాదు. అతని గాలమునకు పెద్దచేప తగిలినచో, మన దారమును వెంటనే పైకి తీసికొనవలెను. చేప అటునిటు పరుగిడి రెండు దారములను జడవలె అల్లివేయును. వెనుకనుండి నడచి వచ్చునప్పుడు మన నీడ నీటిపై పడకుండ చూచుకొనవలెను. ఇంకొకటి: ‘ఎన్ని పడినవి?’ అని మొదటనే అడుగరాదు. బయలుదేఱినవానిని ‘ఎక్కడికి’ అని అడుగుట మనవారికెట్లు కిట్టదో, గాలపువానికి ఈ ప్రశ్నయు నట్లే. ‘నీరెట్లున్నది’ అని యడిగినచో అతడే తక్కినది చెప్పును. కొందఱు చెప్పినదానిని సగము చేసికొని నమ్మవలెను.

మొన్నటి వానకాలమున నగరమునకు వెలుపలనున్న యొక చెఱువుగట్టున నేను గాలము వేసికొని కూర్చుంటిని. అక్కడి సంఘమువారి యనుమతి నాకు చాలయేండ్లనుండి కలదు. హైటెక్ సిటీ కార్యాలయములలో పనిచేయు యువకు లిద్దఱు మోటారు సైకిలుమీద వచ్చిరి. వారిచేత చక్రముల గాలపుకఱ్ఱలు, రంగురంగుల రబ్బరు చేపలు, నాకు పేరు తెలియని సామగ్రి చాల నుండెను. చెఱువంతయు ఖాళీగా నుండగా నా ప్రక్కకే వచ్చునప్పటికి నాకు కొంచెము చిరాకు కలిగినది. అందులో చిన్నవాడు పది యడుగుల దూరముననే ఆగి, మెల్లగా, “తాతా, మీ దారం ఎటుందో చెప్పుండ్రి, మేము గటు పక్క కూసుంటం” అనెను. సంఘమువారిని అడిగితిరా యని ప్రశ్నించితిని. అడుగలేదనిరి. గట్టు చివర వేపచెట్టు క్రిందనున్న కావలివానిని చూపితిని. పెద్దవాడు పరుగున పోయి అడిగివచ్చెను. అంతలో చిన్నవాడు చెప్పులు విడిచి, చప్పుడు గాకుండ నాకు ఎడమవైపున దూరముగా పోయి కూర్చుండెను. నేను నా సంచిని కుడివైపునకు జరుపుకొంటిని. ఆ సాయంకాలము నాకు రెండు జెల్లలు పడినవి, వారికేమియు పడలేదు. చీకటి పడి లేచునప్పుడు ఒక జెల్లను వారి డబ్బాలో వేసి, నీరు కొంచెము పోసి యిచ్చితిని.